వద్దంటే మానని ఉత్తరాలు



పూర్వం మన ఇళ్లకు ఉత్తరం వచ్చిందంటే అదొక విశేషం. పోస్టుమాన్ కేక వినబడగానే చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వీధిగుమ్మంలోకి వచ్చేవాళ్లం. ఇప్పుడో, ఉత్తరాల పెట్టె మన చేతిలోని ఫోనులోనే ఉంది. అందులో పొద్దున లేచేసరికి పాతికా ముప్ఫై ఈ-మెయిళ్లు వచ్చి పడి ఉంటాయి. తీరా తెరిచి చూస్తే మనవాళ్లు వ్రాసినది ఒక్కటీ ఉండదు. చీరలు సగం ధరకే! చెప్పుల జత కొంటే మరో జత ఉచితం! ఈ రాత్రి పన్నెండింటితో ఆఖరు! "మాకొద్దు బాబూ" అని చెబుదామంటే ఎవరితో చెప్పాలో, ఎక్కడ నొక్కాలో తెలియదు. ఈ పిలవని పేరంటాళ్లను సాగనంపడం ఎలాగో ఇవాళ కాస్త వివరంగా చెప్పుకుందాం.

ఇదీ ఒక సమస్యేనా, చూడకుండా ఊరుకుంటే సరిపోతుంది గదా అంటారేమో. అలా అనుకున్నవారే మా వీధిలో ఒక పెద్దావిడ. రోజూ వచ్చే ఆఫర్లతో విసిగిపోయి, ఆమె మెయిల్ పెట్టె తెరవడమే మానేశారు. దంపతులిద్దరి ఆరోగ్య బీమా గడువు ముగుస్తోందని కంపెనీవారు రెండుసార్లు వ్రాశారట. ఆ రెండు ఉత్తరాలూ చీరల ఆఫర్ల కింద, పప్పుల అంగడి కూపన్ల కింద పడి ఉండిపోయాయి. గడువు దాటాక కూడా డబ్బు కట్టడానికి కొన్నాళ్లు సావకాశం ఇస్తారు కనుక, కొడుకు చూసి కట్టబట్టి పాలసీ నిలిచింది. ఆ మధ్యరోజుల్లో ఎవరికైనా ఆస్పత్రి అవసరం పడి ఉంటే? ఏటా ఒకేసారి కట్టే పాలసీ కనుక ఆ ఖర్చు వారే భరించవలసి వచ్చేది. బియ్యంలో రాళ్లు ఎక్కువైతే పోయేది రుచి ఒక్కటే కాదండీ, పన్ను కూడా విరుగుతుంది.

అసలు వీళ్లకు విసుగన్నది ఎందుకు రాదు? కారణం చాలా చిన్నది. వీధిలో కరపత్రం పంచాలంటే కాగితం, అచ్చు, పంచే కుర్రవాడికి కూలీ కావాలి. మెయిలుకు అవేవీ అక్కర్లేదు. పదిమందికి పంపినా, పది లక్షలమందికి పంపినా పంపేవాడికి పెద్ద తేడా ఉండదు. వెయ్యిమందిలో ఒక్కరు కొన్నా లాభమే. మిగతా తొమ్మిదివందల తొంభైతొమ్మిదిమంది విసుగు ఆయన లెక్కలోకి రాదు.

ఈ వ్యవహారం నిన్నా మొన్నా మొదలైంది కూడా కాదు. 1978 మే 3వ తేదీన, అమెరికాలో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీలో పనిచేసే గ్యారీ తుర్క్ అనే ఆయన, ఆర్పానెట్ అనే కంప్యూటర్ల వలయంలో ఉన్న సుమారు 400 మందికి తమ కొత్త యంత్రాల గురించి ఒకేసారి ప్రకటన పంపించాడు. అందుకున్నవారిలో చాలామంది కోప్పడ్డారు. ఇలాంటి ఉత్తరాలకు "స్పామ్" అన్న పేరు తరువాత వచ్చింది. స్పామ్ అనేది 1937 నుంచి అమెరికాలో అమ్ముతున్న డబ్బా మాంసం. 1970లో బ్రిటిషు టెలివిజనులో వచ్చిన ఒక హాస్య నాటికలో, హోటలుకు వెళ్లినవారు దాదాపు ఏం అడిగినా అందులో స్పామ్ ఉండనే ఉంటుంది. వద్దన్నా వడ్డిస్తారు! మన ఉత్తరాలకు ఆ పేరు ఎంత అతికినట్లు సరిపోయిందో చూడండి.

సరే, మన చిరునామా వాళ్లకెలా దొరికింది? చాలావరకు మనమే ఇస్తాం. బిల్లు వేసేచోట అమ్మాయి "ఫోన్ నంబరు చెప్పండి మేడమ్, మెయిల్ ఐడీ చెప్పండి" అంటుంది. వెనక వరసలో నలుగురు నిలబడి ఉంటారు. మొహమాటపడి చెప్పేస్తాం. ఎగ్జిబిషన్లో లక్కీ డ్రా చీటీ మీద వ్రాస్తాం. ఫోనులో ఏదో కొంటున్నప్పుడు, "మా విశేషాలు మీకు పంపవచ్చు" అన్న వాక్యం పక్కన వాళ్లే ముందుగా టిక్కు పెట్టి ఉంచుతారు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఫోన్ నంబరు ఇస్తేనే గాని బిల్లు ఇవ్వమని పట్టుబట్టకూడదని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణదారులకు సూచించింది. కనుక "నంబరు లేకుండానే బిల్లు వేయండమ్మా" అని నిమ్మళంగా అనవచ్చు. అది గొడవపడటం కాదు.

ఇక వద్దని చెప్పే తతంగం చూద్దాం. చాలా ప్రకటన ఉత్తరాల అడుగున, చీమ తలకాయంత బూడిదరంగు అక్షరాలలో "అన్‌సబ్‌స్క్రైబ్" అని ఉంటుంది. నా పేరు మీ జాబితాలోంచి తీసేయండి అని దాని అర్థం. ఇంటి సామాన్లు అమ్మే ఒక కంపెనీ ఉత్తరాలు మానిపించాలని ఆ మధ్య నేను కూర్చున్నాను. అది నొక్కితే ముందు పాస్‌వర్డ్ అడిగింది. అది ఇచ్చాక తొమ్మిది గళ్లు చూపించి, వీటిలో ఏవి వద్దో ఒక్కొక్కటీ తీసేయమంది. అన్నీ తీశాక "నిజంగానే వెళ్లిపోతారా?" అని ఏడుపుమొహం బొమ్మ పెట్టింది. దాని కింద రెండు మీటలు. పెద్ద ఎర్ర మీట మీద "ఉంటాను" అనీ, కనీకనబడని అక్షరాలతో "వద్దు, డబ్బు ఆదా చేసుకోవడం నాకు ఇష్టం లేదు" అనీ ఉన్నాయి! చేరడానికి ఒక్క నొక్కు చాలింది. బయటపడటానికి పావుగంట పట్టింది. అభిమన్యుడికి పద్మవ్యూహంలోకి వెళ్లడమే తెలుసు. మనల్నీ అలాగే చేయాలని వాళ్ల ఎత్తు.

ఇది మన తెలివితక్కువ కాదని గట్టిగా చెప్పదలచుకున్నాను. ఇవి తెలిసి పన్నిన పన్నాగాలే. ఇలాంటి 13 రకాల మోసపు పద్ధతులను పేర్లతో సహా గుర్తించి, వాటిని నిషేధిస్తూ 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు వెలువరించింది. వద్దన్నవారిని సిగ్గుపడేలా మాట్లాడటం అందులో ఒకటి. చేరినవారిని బయటికి పోనివ్వకుండా చిక్కుముళ్లు వేయడం మరొకటి.

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. చేటలో పప్పు పోసి ఏరినట్లుగా, వచ్చిన మెయిళ్లను మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్ప, మీరు ఎప్పుడో కొన్న, మీకు తెలిసిన దుకాణాలవి. వీటికి అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కవచ్చు, భయం లేదు. అడుగున వెతుక్కోనక్కర్లేదు. జీమెయిల్లో చాలా ఉత్తరాలకు పైనే, పంపినవారి పేరు దగ్గరే ఆ మాట కనబడుతుంది. పెద్దసంఖ్యలో మెయిళ్లు పంపే వ్యాపారులు ఒక్క నొక్కుతో మానుకునే వీలు కల్పించాలనీ, రెండు రోజుల్లో ఆపేయాలనీ గూగుల్, యాహూ కంపెనీలు 2024లో నియమం పెట్టాయి. 2025 నుంచి జీమెయిల్లో మరో సదుపాయం కూడా వచ్చింది. ఎడమపక్క పైన ఉన్న మూడు గీతలు నొక్కితే "మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్" అని ఉంటుంది. ఎవరెవరు మనకు తరచు పంపుతున్నారో ఆ పట్టీ అంతా అక్కడ కనబడుతుంది. అక్కడినుంచే ఒక్కొక్కరికి సెలవు చెప్పవచ్చు.

రెండో కుప్ప, ముక్కూమొహం తెలియనివారు పంపినవి. ఇందులో అన్‌సబ్‌స్క్రైబ్ ఉన్నా నొక్కకండి. దొంగ తలుపు తట్టి "ఎవరైనా ఉన్నారా?" అంటే "ఉన్నాం, కానీ మీరు రావద్దు" అని లోపలినుంచి బదులు చెప్పినట్లవుతుంది. ఈ చిరునామాలో మనిషి ఉందని వాడికి తెలిసిపోతుంది. ఉత్తరం లోపలివేవీ ముట్టుకోకుండా, పైన మూడు చుక్కల దగ్గర ఉండే "రిపోర్ట్ స్పామ్" నొక్కండి. కొందరు ఉత్తరంలో కంటికి ఆననంత చిన్న బొమ్మ ఒకటి దాస్తారు. మనం తెరవగానే ఆ సంగతి వారికి చేరుతుంది. బొమ్మలు చూపించే ముందు నన్ను అడుగు అని సెట్టింగ్స్‌లో పెట్టుకుంటే ఆ బెడద తగ్గుతుంది.

మూడో కుప్ప, భయపెట్టేవి. ఈ రాత్రికి కరెంటు తీసేస్తాం, మీ బ్యాంకు ఖాతా ఆగిపోతుంది, మీ పార్సెలు ఆగింది, వెంటనే ఇక్కడ నొక్కండి అంటాయి. ఇవి ప్రకటనలు కావు, వలలు. దేనినీ నొక్కకండి. నిజమేనేమో అనిపిస్తే మీ పాత బిల్లు మీదనో, బ్యాంకు కార్డు వెనకనో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి కనుక్కోండి. పొరపాటున డబ్బు పోతే, ఆయన కోప్పడతారనో అత్తగారు నవ్వుతారనో దాచకండి. తక్షణం 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త. విసుగులో బ్యాంకువారినీ, బీమావారినీ స్పామ్‌లోకి తోసేయకండి. రేపు వాళ్ల అసలు నోటీసు కూడా ఆ బుట్టలోకే పోతుంది. వాళ్ల ప్రకటనలు మాత్రం అన్‌సబ్‌స్క్రైబ్ చేసి, లెక్కల ఉత్తరాలు రానివ్వండి. వారానికోసారి స్పామ్ బుట్ట కూడా ఒకసారి చూడండి. జీమెయిల్ అందులోనివాటిని 30 రోజులకు తనంతట తానే పారేస్తుంది.

ఫోనుకు వచ్చే మెసేజీలకూ, కాల్స్‌కూ దారి వేరు. 1909 నంబరుకు ఫోన్ చేసిగాని, ఇంగ్లీషులో స్టార్ట్ అని వ్రాసి, కాస్త ఎడం విడిచి సున్నా పెట్టి అదే నంబరుకు మెసేజీ పంపిగాని ప్రకటనలన్నీ ఆపించవచ్చు. అయినా మానకపోతే ఏడు రోజులలోగా అదే నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. 2025 నుంచి మెసేజీ పంపినవారి పేరు చివర గీత పెట్టి ఇంగ్లీషు "పి" అక్షరం ఉంటే అది ప్రకటన, "జి" ఉంటే ప్రభుత్వానిది అని గుర్తు పెట్టారు. అయితే ఈ 1909 మెయిళ్లకు పనిచేయదు. దానికి చెప్పేశాం గదా, మెయిళ్లు ఇంకా వస్తున్నాయేమిటని చాలామంది అనుకుంటారు. అందుకని చెబుతున్నాను.

వద్దని చెప్పినా మెయిళ్లు ఆపని కంపెనీ మీద 1915 అనే జాతీయ వినియోగదారుల సహాయ నంబరుకు చెప్పుకోవచ్చు. మన వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో ఒక చట్టం చేశారు. 2025 నవంబరులో దాని నియమాలు వెలువడినప్పుడు, ముఖ్యమైన భాగాలు అమలులోకి రావడానికి 18 నెలల వ్యవధి పెట్టారు. అందులో ఒక మంచి మాట ఉంది. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో, దాన్ని వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలి. మనకు కావలసింది సరిగ్గా అదే గదా!

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఇకమీద దుకాణాలకోసం విడిగా ఒక మెయిల్ చిరునామా పెట్టుకోండి. బ్యాంకు, బీమా, పిల్లల చదువు, డాక్టరు రిపోర్టులు మాత్రం అసలు చిరునామాకు రానివ్వండి. ఏదైనా కొనేటప్పుడు డబ్బు కట్టేముందు ఆ చిన్న టిక్కులను చూసి తీసేయండి.

పేరుకున్నదంతా ఒక్కపూటలో శుభ్రం చేయాలని కూర్చుంటే నడుము నొప్పే మిగులుతుంది. మధ్యాహ్నం పని తెమిలాక రోజుకు ఐదింటి చొప్పున వదిలించుకోండి. నెల తిరిగేసరికి నూటయాభై పోతాయి. ఇంట్లో కళ్లు సరిగా కనబడని పెద్దవాళ్లుంటే వాళ్ల ఫోనులోనూ మీరే కూర్చుని తీసిపెట్టండి. ఆ వలల్లో ఎక్కువగా చిక్కేది వాళ్లే.

మనకు చిన్నప్పటినుంచి ఎవరైనా ఏదైనా ఇస్తానంటే వద్దనడం మర్యాద కాదని నేర్పారు. ఇంటికి వచ్చిన చుట్టం విషయంలో ఆ మర్యాద ఉండవలసిందే. కాని మన మొహమాటమే పెట్టుబడిగా బేరం చేసేవారి దగ్గర ఆ మర్యాద అక్కర్లేదు. సరే అనే హక్కు మనకెంత ఉందో, వద్దు అనే హక్కూ అంతే ఉంది. సంజాయిషీ చెప్పనక్కర్లేదు, నొచ్చుకోనక్కర్లేదు. వద్దంటే వద్దనే.