తెలుగుకు దగ్గరి చుట్టం కోయ: భద్రాద్రి అడవిపై ఆచార్యుల పరిశోధనలు

కోయ భాషలో ‘ఏర్’ అంటే నీరు. తెలుగులో ‘ఏరు’ అంటే పారే నీరు. కోయలో ‘నార్’ అంటే పల్లె. తెలుగులో అదే మాట ‘నాడు’గా నిలిచి పలనాడు, వెలనాడు వంటి ప్రాంతాల పేర్లలో మిగిలింది. ఖమ్మం, భద్రాచలం సరిహద్దు అడవుల నుంచి సంతకు వచ్చే కోయల నోట ఇటువంటి మాటలు వినిపించినప్పుడు, అది చెడిపోయిన తెలుగు అని తేలికగా తీసిపారేసేవారు మైదాన ప్రాంతాల్లో నేటికీ ఉన్నారు. ఆ అభిప్రాయానికి ఆధారం లేదని విశ్వవిద్యాలయాల ఆచార్యులు ఆరు దశాబ్దాల క్రితమే తేల్చారు. వారి కృషి గురించి ఈ జిల్లాల్లో తెలిసినవారు మాత్రం తక్కువ.

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి రచన ‘తెలుగు వెర్బల్ బేసెస్’ను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1961లో ప్రచురించింది. తెలుగు క్రియాధాతువులను ఒక్కొక్కటిగా విడదీసి, తక్కిన ద్రావిడ భాషల ధాతువులతో పోల్చిన గ్రంథమది. మరుసటి ఏడాది ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర శాఖ బాధ్యతలు చేపట్టారు. తెలుగును తమిళ, కన్నడాల పక్కన నిలపడం అంతవరకు పండితులకు అలవాటు. లిపి, సాహిత్యం, రాజ్యాలు ఉన్న భాషలన్నీ ఒక వరుసలోనివే అన్న భావన దాని వెనుక ఉండేది. కృష్ణమూర్తి పరిశోధన ఆ వరుసను మార్చింది. తెలుగుకు అత్యంత సన్నిహిత బంధువులు గోండి, కోయ, కొండ, కువి, కుయి వంటి అడవి భాషలేనని ఆయన నిరూపించారు. ఈ శాఖకు దక్షిణ మధ్య ద్రావిడమని పేరు. కోయను భాషావేత్తలు గోండి కుదురులోనిదిగా లెక్కిస్తారు.

నిరూపణ ఎలా సాగిందో సామాన్య పాఠకుడికి సైతం అర్థమయ్యే ఉదాహరణలు ఉన్నాయి. తమిళంలో ‘ఇరండు’ అన్న మాట అచ్చుతో మొదలవుతుంది. తెలుగు ‘రెండు’, గోండి ‘రండ్’ హల్లుతో మొదలవుతాయి. తమిళ ‘ఉరల్’ తెలుగులో ‘రోలు’ అయింది. మాట మొదట ఉండవలసిన అచ్చు పక్కకు జరిగి, లోపలి హల్లు ముందుకు రావడం ఈ శాఖ భాషలన్నింటా కనిపించే లక్షణం. ఒకటి రెండు మాటల్లో కాకతాళీయంగా జరిగి ఉండవచ్చని అనుకోవచ్చు. పదుల కొద్దీ మాటల్లో ఒకే తీరుగా జరిగితే, ఆ భాషలు ఒకప్పుడు ఒకే ఇంట పెరిగాయని అర్థం.

మరొకటి ఇంకా ఆసక్తికరం. తెలుగులో ‘అమ్మాయి వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అంటాం. ఏకవచనంలో స్త్రీకి, పశువుకు ఒకే క్రియారూపం. తమిళంలో స్త్రీకి ప్రత్యేక రూపం ఉంది. గోండి, కోయల్లో మాత్రం తెలుగు తీరే. తెలుగు వ్యాకరణంలోని ఈ విడ్డూరాన్ని చూసి నొచ్చుకునేవారు దాని తోడు వెతుక్కోవలసింది చెన్నపట్నంలో కాదు, దుమ్ముగూడెం, చర్ల దారిలో.

గొమ్ము కోయల వ్యాకరణం

పోలికలు చూపాలంటే ముందుగా ఆ భాషకు నమ్మదగిన వ్యాకరణం కావాలి. భద్రాచలం ప్రాంతపు కోయకు ఆ లోటు తీర్చినవారు అమెరికా పరిశోధకుడు స్టీఫెన్ టైలర్. గోదావరి తీరాన నివసించే గొమ్ము కోయల మాటపై ఆయన రాసిన వ్యాకరణం 1969లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్ర గ్రంథమాలలో వెలువడింది. గొమ్ము అంటే ఏటి ఒడ్డు. కొండలపై ఉండేవారు గుట్ట కోయలు. ఒకే తెగలో ఒడ్డుకూ గుట్టకూ మాట మారుతుందని గుర్తించి, ఏ మాండలికాన్ని నమోదు చేస్తున్నదీ పుస్తకం పేరులోనే చెప్పడం టైలర్ చూపిన జాగ్రత్త. అనంతర కాలంలో ఆయన రైస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసి, మానవశాస్త్ర సిద్ధాంతాల్లో పెద్ద పేరు సంపాదించారు. ఆ పేరుకు తొలి మెట్టు గోదావరి ఒడ్డునే పడింది.

లిపి లేని భాషకు వ్యాకరణం రాయడం శ్రమతో కూడిన పని. పరిశోధకుడు ముందు ధ్వనులను గుర్తుపట్టాలి. ఆ తరువాత ఒకే క్రియను నేను, నీవు, వాడు, మేము అని మార్చి మార్చి అడగాలి. చెప్పేవారు విసుగుచెందకుండా ఒకే ప్రశ్నకు పదిసార్లు సమాధానం చెప్పాలి. అచ్చులో ఒక పేజీగా కనిపించే పట్టిక వెనుక, వ్యవసాయపు పనులు మానుకొని కూర్చున్న పల్లెవాసుల రోజులు ఉంటాయి. పుస్తకాల అట్టలపై ఒక్కరి పేరే ఉండడం విద్యాలోకపు ఆచారం.

పాపికొండల్లో హైమండార్ఫ్

భాషకన్నా ముందే ఈ అడవి మనుషుల బతుకును గ్రంథస్థం చేసిన పండితుడు మరొకరున్నారు. 1909లో వియన్నాలో జన్మించిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1939లో భారతదేశంలో ఉండగా రెండో ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. నిర్బంధ శిబిరంలో గడపవలసిన ఆ పరిశోధకుడికి నిజాం రాజ్యంలో అధ్యయనం చేసుకునే వీలు దొరికింది. నల్లమల చెంచుల తరువాత ఆయన గోదావరి కొండల్లోని కొండరెడ్ల వద్దకు వచ్చారు. భార్య ఎలిజబెత్ ఆ పనిలో ఆయనకు తోడు.

ఆ రోజుల్లో గోదావరి ఒక సరిహద్దు. కుడి ఒడ్డు నిజాముది, ఎడమ ఒడ్డున భద్రాచలం వైపు బ్రిటిష్ మద్రాసు రాష్ట్రం. కొండరెడ్లకు ఆ గీత పట్టలేదు. రెండు వైపులా పోడు కొట్టుకుని, జొన్న పండించుకుని, జీలుగు కల్లుపై, కరువు వేళ జీలుగు దూటపై ఆధారపడి జీవించేవారు. 1945లో వచ్చిన ఆయన గ్రంథం పేరు ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’. బైసన్ అంటే అడవిదున్న. పాపికొండల గుట్టలను సూచించే పేరది.

ఆ పుస్తకం ఆచారాల జాబితాగా ముగిసి ఉంటే నేడు గ్రంథాలయాలకే పరిమితమయ్యేది. కలప, వెదురు వ్యాపారులు ముందస్తు అప్పులిచ్చి, ఆ అప్పు ఎన్నటికీ తీరకుండా చూసి, కొండరెడ్లను కూపుల్లో చాకిరీకి కట్టివేసిన తీరును హైమండార్ఫ్ వివరంగా రాశారు. ప్రభుత్వానికి నివేదికలు సమర్పించారు. 1945లో నిజాం ప్రభుత్వం ఆయనను ఆదివాసీ వ్యవహారాల సలహాదారుగా నియమించింది. ఉస్మానియాలో మానవశాస్త్ర ఆచార్య పదవి కూడా లభించింది. ఆదివాసీ ప్రాంతాలకు ప్రత్యేక పాలన ఉండాలన్న ఆ ఆలోచనల ఫలితమే 1949 నాటి హైదరాబాద్ గిరిజన ప్రాంతాల నిబంధన. 1963లో దాని స్థానంలోకి 1959 నాటి భూబదలాయింపు నిబంధన వచ్చింది. 1970లో దానిని సవరించిన రూపమే నేటికీ ఏజెన్సీలో ప్రతి భూవివాదంలోనూ వినిపించే ‘వన్ ఆఫ్ సెవెంటీ’. ఒక ఆచార్యుడి క్షేత్రపరిశోధన చట్టం దాకా నడవడం అరుదైన సంగతి.

చట్టం ఉన్నంత మాత్రాన భూమి నిలవలేదన్నది హైమండార్ఫే తరువాత గమనించారు. 1970లలో మళ్లీ వచ్చి, పాత పల్లెలను చూసి, గిరిజనేతరుల చేతుల్లోకి పోయిన పొలాల గురించి 1982లో ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’లో రాశారు. ఆ గ్రంథం తెలుగులోనూ ‘మనుగడ కోసం పోరాటం’ పేరిట వెలువడింది. ఆయన 1995లో మరణించారు. ఆదిలాబాద్ గోండులు మార్లవాయిలో ఏటా జనవరి 11న ఆ దంపతులను స్మరించుకుంటారు. పాపికొండలతో ఆయన అనుబంధానికి అంత ప్రచారం దక్కలేదు.

బడికి చేరిన కోయ

ఈ పాండిత్యం పిల్లల పలకపైకి రావడానికి చాలా కాలం పట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన ప్రయోగాత్మకంగా ప్రారంభమైంది. వాటిలో కోయ ఒకటి. వాచకాలను తెలుగు లిపిలోనే ముద్రించారు. మొదటి తరగతిలో ఇంటి భాషతో మొదలుపెట్టి, క్రమంగా తెలుగులోకి మళ్లించడం దాని పద్ధతి. ‘ఏర్’ అని తెలిసిన బిడ్డకు ‘నీరు’ నేర్పడం సులభం; ‘ఏర్’ తప్పు అని చెప్పి నేర్పడం కష్టం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో కోయ మాతృభాషగా గలవారు 4 లక్షల పైచిలుకు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో కోయకు గానీ గోండికి గానీ చోటు లేదు.

ఇటీవలి కృషిలో చెప్పుకోదగినది పడిగెల అధ్యయనం. పడిగె అంటే కోయల ఇలవేల్పు జెండా. త్రికోణాకారపు పొడవాటి గుడ్డపై వంశ మూలపురుషులు, వేల్పుల బొమ్మలు ఉంటాయి. కోయల గట్లు, అంటే గోత్రాలు, ఒక్కొక్కదానికి ఒక్కో కథ. ఆ కథను డోలు వాయిస్తూ పాడి చెప్పేవారు డోలీలు. తెలుగు విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య జయధీర్ తిరుమలరావు ఈ పడిగెలను, గిరిజన వాద్యాలను సేకరించి, డోలీల కథనాలను నమోదు చేశారు. బొమ్మను చూసి కథ చదవగలిగినవారు డోలీలే గనుక, ఇక్కడ పరిశోధకుడు శిష్యస్థానంలో కూర్చోక తప్పదు.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య అటువంటి డోలీ. సమ్మక్క సారలమ్మల గాథను కోయలోనూ తెలుగులోనూ గానం చేసిన ఆయనకు కేంద్ర ప్రభుత్వం 2022లో పద్మశ్రీ ప్రకటించింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆయన పాడినదానిలో ధ్వనిముద్రికలకు, కాగితానికి ఎక్కినంత మేరకు మిగిలింది.

టైలర్ వ్యాకరణానికి ఆధారమైన గొమ్ము కోయల ఏటి ఒడ్డు మరో మార్పుకు లోనవుతోంది. భద్రాచలం పట్టణాన్ని తెలంగాణలో ఉంచి, కూనవరం, చింతూరు, వర రామచంద్రాపురం తదితర మండలాలను 2014లో పోలవరం ప్రాజెక్టు నిమిత్తం ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. గోదావరి, శబరి తీరాల్లోని కోయ, కొండరెడ్డి పల్లెలు అనేకం ముంపు జాబితాలో చేరాయి. పునరావాస కాలనీలకు తరలే కుటుంబాల పిల్లలు చుట్టూ తెలుగు మాట్లాడేవారి నడుమ పెరగవలసి ఉంటుంది. వారు ‘నార్’ అని పిలుచుకున్న పల్లె నీటి అడుగుకు పోయాక, ఆ మాట ఇంట్లో ఎంతకాలం పలుకుతారన్నది తరువాతి పరిశోధకుడు వచ్చి అడగవలసిన ప్రశ్న.