ఆరడం వేరు, అల్లుకోవడం వేరు

1960లలో పెద్ద ఇంజన్లతో అమెరికా రోడ్ల మీదికి దూసుకొచ్చిన మజిల్ కార్లు అనగానే ముందు గుర్తొచ్చేవి వాటి రంగులు. 1969 షెవర్లే కమారోకు హగ్గర్ ఆరెంజ్, 1970 డాడ్జ్‌కు ప్లమ్ క్రేజీ ఊదా, ఫోర్డ్ మస్టాంగ్‌కు గ్రాబర్ బ్లూ. ఫ్యాక్టరీలో వేసిన పూత చెక్కుచెదరకుండా ఉన్న బండి దొరికితే పాతకార్ల ప్రేమికులు ఎంతైనా పెడతారు. అయితే ఫ్యాక్టరీ పూత అంటే ఛాయ ఒక్కటే కాదు. ఆ పొర ఏ పద్ధతిలో గట్టిపడిందన్నదే అసలు గుర్తు. ఈ సంగతి అర్థమైతే పలాసలో పప్పు తీశాక గుట్టలుగా మిగిలే జీడి తొక్కకు ఎంత విలువ కట్టాలో కూడా తెలుస్తుంది.

పెయింటు గట్టిపడే దారులు ముఖ్యంగా రెండు. ల్యాకర్ పద్ధతిలో రెజిన్‌ను థిన్నర్‌లో కరిగించి స్ప్రే చేస్తారు. థిన్నర్ ఎగిరిపోతే రెజిన్ మిగులుతుంది. నౌపడ మడుల్లో నీరెండితే ఉప్పు మిగిలినట్టే ఇదీ. ఉప్పుకు మళ్లీ నీరు తగిలితే ఏమవుతుందో, ఈ పూతకు మళ్లీ థిన్నర్ తగిలితే అదే అవుతుంది. ఎనామిల్ కథ వేరు. వేడి వల్లో, గాలిలోని ఆక్సిజన్ వల్లో దాని అణువులు ఒకదానితో ఒకటి బంధాలు వేసుకుని వలలా అల్లుకుంటాయి. అల్లుకున్న పొరను థిన్నర్ ఉబ్బించవచ్చు, ముడతలు పెట్టవచ్చు, కరిగించడం మాత్రం దాని వల్ల కాదు. అందుకే పాత బండి డిక్కీ లోపల కనపడని మూల థిన్నర్ గుడ్డతో రుద్ది చూస్తారు. 1960ల నాటి జనరల్ మోటార్స్ కారు అయ్యుండి రంగు గుడ్డకు అంటకపోతే, ఆ బండికి తర్వాతెప్పుడో మళ్లీ రంగు వేశారని అనుమానించాల్సిందే.

జనరల్ మోటార్స్‌కు ల్యాకర్ మీద అంత మక్కువకు చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, మందుగుండు కోసం పత్తిని నత్రికామ్లంతో చర్య జరిపించే పరిజ్ఞానం డ్యూపాంట్ కంపెనీ చేతిలో మిగిలిపోయింది. దాని నుంచే నైట్రోసెల్యులోజ్ ల్యాకర్ ‘డ్యూకో’ పుట్టింది. 1923లో అది జనరల్ మోటార్స్ వారి ఓక్లాండ్ కారు మీద ‘ట్రూ బ్లూ’గా కనిపించింది. వారాల తరబడి సాగే రంగు పని గంటల్లోకి దిగింది. మన పెయింటర్ల నోట నేటికీ డ్యూకో మాట వినిపించేది అందుకే. 1950ల చివరికి జనరల్ మోటార్స్ యాక్రిలిక్ ల్యాకర్‌కు మారింది. ఒకసారి తేలిగ్గా కాల్చి, గీతలు సానబట్టి, ఇంకా ఎక్కువ వేడిలో మళ్లీ కాలిస్తే పూత కాస్త కరిగి పారి తనంతట తానే నున్నబడేది. ఫోర్డ్, క్రైస్లర్ ప్రధానంగా ఎనామిల్‌తోనే సాగాయి. చివరికి గెలిచింది ఎనామిల్ దారే. ల్యాకర్‌లో సింహభాగం గాలిలో కలిసే ద్రావకం. లాస్ ఏంజెలిస్ ప్రాంతం 1966లోనే ద్రావకాల మీద ఆంక్షలు పెట్టింది. 1980లు ముగిసేసరికి ల్యాకర్ ఫ్యాక్టరీల నుంచి తప్పుకుంది. ఎగిరిపోయేది తగ్గించి అల్లుకునేది పెంచడమే ఆ తర్వాతి పెయింటు రసాయన శాస్త్రమంతా.

జీడి తొక్క నూనె సరిగ్గా ఆ రెండో జాతికి చెందింది. పిక్క బరువులో రెండొంతులకు పైగా తొక్కే. దాని తేనెపట్టులాంటి గదుల్లో ముదురు గోధుమ రంగు చిక్కటి నూనె ఉంటుంది, తొక్క బరువులో పావు వంతు దాకా. అందులో ప్రధానమైన అనకార్డిక్ ఆమ్లం వేడికి కార్డనాల్‌గా మారుతుంది. కార్డనాల్ అణువులో ఒక ఫినాల్ వలయం, దానికి పదిహేను కార్బన్ల తోక. వలయం ఫార్మాల్డిహైడ్‌తో కలిసి బేకలైట్ తరహా రెజిన్ అవుతుంది. తోకలోని జంట బంధాలు అవిసె నూనెలాగే ఆక్సిజన్‌తో ముడిపడతాయి. ఒకే అణువుకు అల్లుకునే దారులు రెండు! అమెరికాలో మార్టిమర్ హార్వే 1920, 30లలో ఈ నూనె మీద పేటెంట్లు తీసుకున్నాడు. న్యూజెర్సీలోని ఇర్వింగ్టన్ వార్నిష్ కంపెనీ దానితో సరుకు తయారుచేసింది.

మజిల్ కార్ల పైపూతలో జీడి నూనె లేదు కదా అనవచ్చు. నిజమే, లేదు. దాని సహజ ఛాయ ముదురు గోధుమ రంగు. హగ్గర్ ఆరెంజ్ మెరుపు దానితో రాదు. కానీ బండికి అందం ఎంత ముఖ్యమో ఆగడమూ అంతే ముఖ్యం. గట్టిపరచి పొడిచేసిన జీడి రెజిన్ ఆనాటి అమెరికా బ్రేక్ లైనింగుల్లో విరివిగా చేరింది. నిమ్మాడ కూడలిలో జాతీయ రహదారి మీద వేగం తగ్గించే లారీల లైనింగుల్లోనూ అది ఉండే అవకాశం బాగానే ఉంది. పైకి కనపడని పూతల్లో దాని బలం ఇంకా ఎక్కువ. కార్డనాల్ నుంచి తయారయ్యే ఫినాల్కమిన్ హార్డెనర్లు చలిలోనూ తడి ఉపరితలం మీదా ఎపాక్సీని గట్టిపరుస్తాయి. ఓడలకు వేసే ప్రైమర్లలో వాటిని వాడేది అందుకే. భావనపాడు లాంటి ఉప్పుగాలి తీరంలో తుప్పుతో పోరాడే ఇనుముకు అంతకన్నా తగిన గుణం ఏముంటుంది?

చేతులు పుండ్లు చేసే రసాన్ని అంత పొగడవచ్చా అన్నది ఇంకా బరువైన అభ్యంతరం. పిక్క కోసే ఆడవాళ్ల వేళ్లే దానికి సాక్ష్యం. జపాన్ వాళ్లు శతాబ్దాలుగా వాడుతున్న ఉరుషి లక్క చెట్టు కూడా జీడిమామిడి కుటుంబానిదే. దాని పచ్చి పాలు చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతాయి, గట్టిపడ్డాక ఆ గిన్నెల్లోనే అన్నం తింటారు. చర్మాన్ని గాయపరిచేదీ పూతను బిగించేదీ ఒకే చురుకుదనం. కాబట్టి ప్రమాదం పచ్చి దశది, పచ్చి దశలో పనిచేసేవాళ్లది. చేతి తొడుగులూ కోత యంత్రాలూ దయతో ఇచ్చేవి కావు, ఆ సరుకు ధరలో కలవాల్సిన ఖర్చు.

తొక్క ఎలాగూ పొయ్యిలోకి పోతోంది కదా, వృథా ఎక్కడ అనేవారూ ఉంటారు. నూనెతో సహా కాలిస్తే ఘాటైన పొగ వస్తుంది, కార్డనాల్ కాస్తా మసి అవుతుంది. పిక్కను డ్రమ్ములో నిప్పుల మీద వేయించే పద్ధతిలో ఈ నష్టం అక్కడే మొదలవుతుంది. ఆవిరిలో ఉడికించి కోస్తే నూనె తొక్కలోనే నిలిచి గానుగకు అందుతుంది. పిండగా మిగిలిన పిప్పి కూడా బాయిలర్‌లో బాగానే మండుతుంది. అంటే నూనె తీసినా ఇంధనం పోదు. తొక్క ధరను కట్టెల ధరతో పోల్చడం మానేసి, ఎపాక్సీ హార్డెనర్ ధరతో పోల్చి చూడాలి.