వేటగానికి కొండ నేర్పిన పాఠము

వేటగాడనగానే విల్లమ్ములో తుపాకియో చేతబట్టి మృగములను వెదకుచు అడవులలో తిరుగువాడు తలపునకు వచ్చును. అట్టివాడు అడవికి శత్రువే కాని మిత్రుడు కానేరడని పెక్కుమంది తలంతురు. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములలో వన్యమృగ సంరక్షణమును ఒక శాస్త్రముగా తీర్చిదిద్దిన వారిలో అగ్రగణ్యుడు ఒక వేటగాడే. ఆయన పేరు ఆల్డో లియోపోల్డు. జింకలు మెండుగా నుండవలెనన్న కోరికతో ఆయన తన పనిని ప్రారంభించెను. జింకలు మితిమీరి పెరిగినచో అడవికిని, తుదకు ఆ జింకలకును ఎట్టి కీడు మూడునో క్రమముగా గ్రహించి, తన పూర్వాభిప్రాయమును తానే ఖండించుకొనెను. ఆ మార్పు ఒక్కనాడు వచ్చినది కాదు. దానికి ముప్పది యేండ్లకు పైగా పట్టినది.

లియోపోల్డు 1887వ సంవత్సరము జనవరి 11వ తేదీన అయోవా రాష్ట్రములోని బర్లింగ్టన్ పట్టణమున జన్మించెను. మిసిసిపీ మహానది ఆ పట్టణము ప్రక్కగా ప్రవహించును. ఋతువు మారినప్పుడెల్ల వలసబాతులు ఆ నదీతీరపు చిత్తడి నేలలపై గుంపులు గుంపులుగా వ్రాలెడివి. ఆల్డో తండ్రి కార్ల్ లియోపోల్డు వ్రాతబల్లలు తయారుచేయు కర్మాగారమును నడపుచుండెను. తీరిక దొరకినప్పుడు కుమారుని వెంటబెట్టుకొని వేటకు పోవుట ఆయనకు అలవాటు. బాతులు గ్రుడ్లు పెట్టుటకై పయనించు వసంతకాలమున వానిని చంపుట తగదని, చట్టము నిర్బంధింపక పూర్వమే ఆయన ఆ ఋతువునందలి వేటను మానివేసెను. చట్టము కంటె ముందు వేటగాని మనస్సులో ఒక నియమముండవలెనను భావము బాలునిలో అప్పుడే నాటుకొనెను.

ఆల్డో యేల్ విశ్వవిద్యాలయమున అటవీశాస్త్రము చదివి, 1909లో ప్రభుత్వ అటవీశాఖలో ఉద్యోగమున ప్రవేశించెను. అధికారులు ఆయనను అరిజోనా ప్రాంతములోని అపాచీ జాతీయారణ్యమునకు పంపిరి. అచట ఎత్తైన కొండలు, దేవదారు వనములు, లోతైన లోయలు గలవు. జింకలను, పశువులను తిని బ్రతుకు తోడేళ్లును, పూమాలను పెద్దపిల్లులును ఆ కొండలలో సంచరించుచుండెడివి.

ఆ కాలపు వేటగాండ్ర లెక్క మిక్కిలి సులభమైనది. తోడేలు జింకను తినును. కావున తోడేళ్లు తగ్గినచో జింకలు పెరుగును. తోడేళ్లు బొత్తిగా లేకున్నచో అడవి వేటగానికి స్వర్గమగును. పశువుల కాపరులకును ఈ లెక్క నచ్చినది. తోడేలును చంపినవానికి బహుమాన మిచ్చు పద్ధతి పెక్కు ప్రాంతములలో నుండెను. యువకుడైన లియోపోల్డు కూడ ఈ మాటను సంపూర్ణముగా నమ్మెను.

1909లో ఒకనాడు ఆయనయు, తోడి ఉద్యోగులును ఒక కొండ అంచున కూర్చుండి భోజనము చేయుచుండిరి. క్రింద నది పరవళ్లు త్రొక్కుచుండెను. ఏదో మృగము ఆ నదిని దాటి వచ్చుట వారికి కనబడెను. మొదట దానిని ఆడుజింక అనుకొనిరి. అది గట్టెక్కి తోక విదిలించినప్పుడు తోడేలని తెలిసెను. ఎదిగిన పిల్లలు పొదలలోనుండి దుమికి వచ్చి దానిని చుట్టుముట్టి ఆటలాడసాగినవి. తోడేలు కనబడిన తరువాత కాల్చక విడిచినవాడు ఆ దినములలో లేడు. క్షణములో తుపాకులు మ్రోగెను. ముసలి తోడేలు కూలినది. లియోపోల్డు దగ్గరకు పోయి చూచునప్పటికి దాని కన్నులలోని వెలుగు మెల్లమెల్లగా ఆరిపోవుచుండెను. ఆ చూపును ఆయన జీవితాంతము మరువలేదు. కాని దాని అర్థము ఆయనకు అప్పుడు బోధపడలేదు. తరువాత మరికొన్ని యేండ్లవరకు తోడేళ్లను, పూమాలను నిర్మూలింపవలెననియే ఆయన వ్రాయుచు, ప్రసంగించుచు నుండెను.

ఈ లోపల అరిజోనాలోనే వేరొకచోట ఒక గొప్ప వింత జరుగుచుండెను. గ్రాండ్ కాన్యన్ అను మహాగాధమునకు ఉత్తరమున కైబాబ్ అను పీఠభూమి కలదు. దానిపై పెద్ద చెవులు గల మ్యూల్ జింకలు నివసించును. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్టు ఆ ప్రదేశమును మృగరక్షణ స్థలముగా ప్రకటించెను. అచట జింకల వేట నిషేధింపబడెను. అంతటితో ఆగక ప్రభుత్వపు వేటగాండ్రు వందలకొలది పూమాలను, వేలకొలది కొయొటీలను (ఇవి నక్కను పోలిన జంతువులు) చంపివేసిరి. మిగిలిన కొలది తోడేళ్లును నశించెను. జింకలు ఏటేట పెరిగి, 1924 నాటికి అనేక వేలయ్యెను. మేపుమొక్కలు చాలక, నోటి కందినంత యెత్తువరకు చెట్ల ఆకులను, లేతకొమ్మలను అవి తినివేసెను. ఏ చెట్టు చూచినను క్రిందిభాగము కత్తిరించినట్లు బోసిగా కనబడెను. మొలచిన పిల్లమొక్కకు పెరుగు అవకాశమే లేకపోయెను. 1924-25 శీతకాలమునను, ఆ పిమ్మటను అసంఖ్యాకములైన జింకలు ఆకలిచే మరణించెను.

వానిని రక్షింపదలచి కొందరు ఒక విచిత్రమైన ఉపాయము పన్నిరి. 1924 డిసెంబరులో గుఱ్ఱపు రౌతులును, నవాహో తెగవారును గంటలు మ్రోగించుచు జింకలను మందగా తోలి, లోయ దాటించి, ఆవలియొడ్డునకు చేర్ప యత్నించిరి. మంచుతుఫాను విరుచుకొని పడెను. జింకలు మనుష్యుల నడుమనుండి తప్పించుకొని వెనుకకు పారిపోయెను. ఒక్క జింకయైనను లోయ దాటలేదు. పశువుల మందవలె వనమృగమును తోలుట సాధ్యము కాదని అందరికిని తెలిసివచ్చెను.

కైబాబ్ జింకలు సరిగా ఎన్ని యుండెనన్న విషయమున నాడే భిన్నాభిప్రాయములు గలవు. ఆ పీఠభూమిపై మేయు గొఱ్ఱెలను, పశువులను తగ్గించుట వలన కూడ జింకలకు మేత అధికమైనదని, నేరమంతయు మాంసాహార మృగముల నిర్మూలనమునకే అంటగట్టరాదని 1970లో ఒక శాస్త్రజ్ఞుడు వాదించెను. 2006లో ప్రకటింపబడిన పరిశోధనలో అచటి ఆస్పెన్ వృక్షముల వయస్సులను లెక్కించి చూచిరి. జింకలు మిక్కుటముగా నున్న ఆ యేండ్లలో పిల్లచెట్లు బ్రతికి బట్టకట్టలేదను మాటకు దానివలన బలము చేకూరెను. ప్రకృతిలో ఒక ఫలమునకు ఒకే కారణముండుట అరుదని కైబాబ్ కథ తెలుపుచున్నది.

లియోపోల్డు 1924లో విస్కాన్సిన్ రాష్ట్రమునకు మారెను. 1928లో అటవీశాఖను విడిచి, పెక్కు రాష్ట్రములు తిరిగి వేటమృగముల స్థితిని పరిశీలించెను. ఆ అనుభవమును క్రోడీకరించి 1933లో వేటమృగముల నిర్వహణమును గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. ఆ సంవత్సరమే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయము ఆయనను ఆ శాస్త్రమున ఆచార్యునిగా నియమించెను.

ఆయన బోధించిన ముఖ్యసూత్రము సామాన్యులకు కూడ అర్థమగునట్టిది. ప్రతి మృగమునకును ఆహారము, నీరు, దాగుటకు చోటు కావలెను. ఈ మూడును దాని సంచారపరిధిలోనే, ఒకదానికొకటి సమీపమున నుండవలెను. మేత ఒక కొండపై, నీడ వేరొక కొండపై నున్నచో జింకకు ప్రయోజనము లేదు. అందుచేతనే దట్టమైన అడవి నడుమ కంటె, అడవియు బయలును కలియు అంచులలో జింకలు హెచ్చుగా కనబడును. ఒక నేల ఇన్ని జింకలనే పోషింపగలదను పరిమితి యొకటి కలదు. ఆ పరిమితి మించినచో జింకలు మేతను మాత్రమే కాక, రాబోవు సంవత్సరముల మేతకు మూలమైన మొక్కలను కూడ తినివేయును. అప్పుడు ఆ నేల మునుపు పోషించినన్ని జింకలనైనను పోషింపజాలదు. కావున జింకలను లెక్కించువాడు ముందుగా చెట్ల కొనలను చూడవలెను. అడవి యోగక్షేమములు అచటనే వ్రాయబడి యుండును.

తరువాత రెండు దేశములను చూచుట ఆయన విశ్వాసమును దృఢపరచెను. 1935లో ఆయన జర్మనీకి వెళ్లెను. అచట స్ప్రూస్ చెట్లు బారులు తీర్చి నాటబడియుండెను. జింకలు మెండుగా నుండెను. కాని వానికి శీతకాలమున గడ్డి వేసి పోషింపవలసివచ్చెను. పిల్లచెట్లను వానినుండి కాపాడుటకు కంచెలు కట్టవలసివచ్చెను. చెట్ల క్రింద పూలమొక్కలు, పొదలు నశించి అడవి వెలవెలబోవుచుండెను. 1936లో ఆయన వేటకై మెక్సికోలోని సియెర్రా మాద్రే పర్వతములలో గావిలాన్ నదీప్రాంతమునకు పోయెను. అచట తోడేళ్లును పూమాలును ఇంకను తిరుగుచుండెను. అయినను జింకలు పుష్కలముగా నుండెను. కొండలు పచ్చగా, సెలయేళ్లు తేటగా నుండెను. మనుష్యుడు అన్నియు సవరించిన అడవి అలసిపోగా, ఎవరును సవరింపని అడవి ఆరోగ్యముగా నుండుట ఆయనను ఆలోచింపజేసెను.

అసలైన పరీక్ష స్వరాష్ట్రముననే ఎదురయ్యెను. విస్కాన్సిన్ ఉత్తరభాగమున తెల్లతోక జింకలు శీతకాలమున మంచుగాలికి తాళలేక సీడారు చెట్లున్న పల్లపు నేలలలో గుమిగూడును. మంచు కరగువరకు ఆ చెట్ల ఆకులే వానికి ఆధారము. జింకలు అధికమైనచో అందునంతమేర ఆకు త్వరలో అయిపోవును. పెద్దజింకలు వెనుకకాళ్లపై నిలిచి పైకొమ్మల నందుకొనును. పిల్లలకు అవి అందవు. కనుక ముందుగా పిల్లలే మరణించును. గడ్డి తెచ్చి వేసిన చాలదా యని కొందరడిగిరి. కొమ్మలకు, ఆకులకు అలవాటుపడిన జింక కడుపు క్రొత్త మేతను వెంటనే జీర్ణించుకొనలేదు. జీర్ణించుకొని బ్రతికిన జింకలును మిగిలిన చెట్లను తినుట మానవు. కనుక గడ్డి వేయుట వలన ఆపద వాయిదా పడునే కాని తొలగిపోదు.

జింకలను తగ్గింపవలెనన్నచో కొన్ని ఆడుజింకలను కూడ వేటాడనీయవలెనని లియోపోల్డు చెప్పెను. పోతుజింకలను మాత్రమే చంపిన మంద తగ్గదు. ఒక పోతు అనేకమైన ఆడుజింకలతో జతకూడును. పుట్టు పిల్లల సంఖ్య ఆడుజింకలను బట్టియే యుండును. కాని జింకలు అరుదుగా నున్న కాలమున ఆడుజింకను కాల్చరాదని వేటగాండ్రు పెట్టుకొన్న నియమము వారికి ధర్మముగా స్థిరపడిపోయినది. ఒకప్పుడు మేలు చేసిన నియమము కాలము మారినపుడు కీడు చేయవచ్చునని వారికి నచ్చజెప్పుట కష్టమయ్యెను.

1943లో లియోపోల్డు రాష్ట్ర సంరక్షణ సంఘమున సభ్యుడయ్యెను. ఆ యేడు ఆడుజింకల వేటకు కూడ అనుమతి యియ్యబడెను. ఆ ఋతువున లక్షా ఇరువదివేలకు పైగా జింకలు వేటాడబడెను. రాష్ట్రమంతట కలవరము పుట్టెను. ఆయనను, సంఘమును పలువురు బహిరంగముగా నిందించిరి. మరుసటి యేడు సంఘము వెనుకంజ వేసెను. లియోపోల్డు మాత్రము తన మాటను విడువలేదు. తనను దూషించినవారు చేసిన వాదమునే తానును యౌవనమున చేసియుండెనని ఆయన ఎరుగును. అందుచేత ఆయన వారిని ద్వేషింపక, ఆకులేని చెట్లను చూపి నచ్చజెప్ప యత్నించెను.

1944లో ఆయన ఒక చిన్న వ్యాసము వ్రాసెను. ముప్పదియైదేండ్ల క్రితము తాను చూచిన తోడేలు మరణమును అందు వర్ణించి, తన తప్పును దాపరికము లేక ఒప్పుకొనెను. జింక తోడేలునకు భయపడినట్లే కొండ తన జింకలకు భయపడుననియు, తోడేలు చంపిన జింక స్థానమున వేరొక జింక రెండు మూడేండ్లలో ఎదుగును గాని, జింకలు పాడుచేసిన కొండ కోలుకొనుటకు ఎన్నో దశాబ్దములు పట్టుననియు ఆ వ్యాస సారాంశము.

ఆయన మాటలతో తృప్తిపడలేదు. 1935లో విస్కాన్సిన్ నదీతీరమున సారము చచ్చిన ఒక పొలము కొని, అందలి కోళ్లదొడ్డినే నివాసముగా బాగుచేసికొనెను. భార్యాబిడ్డలతో సెలవుదినములలో అచటికి పోయి ఏటేట వేలకొలది పైను మొక్కలు నాటెను. 1948 ఏప్రిల్ 21వ తేదీన పొరుగువాని పొలమున గడ్డికి నిప్పంటుకొనెను. దానిని ఆర్పబోయి, గుండె ఆగి ఆయన మరణించెను. ఆయన వ్యాసములు గల ‘ఎ శాండ్ కౌంటీ ఆల్మనాక్’ అను గ్రంథము 1949లో వెలువడి లోకప్రసిద్ధి చెందెను. తోడేలునకు బహుమాన మిచ్చు పద్ధతి విస్కాన్సిన్‌లో 1957లో రద్దయ్యెను. అప్పటికే అచట తోడేళ్లు దాదాపుగా అంతరించెను. 1970 తరువాత పొరుగునున్న మినెసోటా నుండి అవి తమంతట తామే మరల వచ్చి చేరెను.

లియోపోల్డు తుదివరకు వేటను మానలేదు. కాని ఆయన వేటకు వెళ్లినప్పుడు జింక అడుగుజాడతో పాటు అది కొరికిన కొమ్మను కూడ చూచెడివాడు. జింకను ప్రేమించుట యనగా జింక నొక్కదానినే ప్రేమించుట కాదు. అది తిను ఆకును, దాగు పొదను, త్రాగు నీటిని, దానిని వెంటాడు తోడేలును కూడ ఆదరించుట. తాను నమ్మినది తప్పని తెలిసినపుడు దానిని విడుచుటకు వెనుదీయనివాడే ప్రకృతి చెప్పు పాఠమును నేర్వగలుగును.