గాలిమర రెక్కలపై డాక్టరేట్ పరిశోధన: ఫెలోషిప్‌తో పాటు పరీక్షల వ్యయమూ కీలకమే

(ప్రత్యేక వ్యాసం)

రాష్ట్రంలో పవన విద్యుత్ స్థాపిత సామర్థ్యం 2019 నాటికే 4,000 మెగావాట్లు దాటిన విషయం విదితమే. ఉమ్మడి అనంతపురం జిల్లా రామగిరి ప్రాంతంలో 1990వ దశకంలోనే గాలిమరలను నెలకొల్పడం జరిగింది. సాధారణంగా గాలిమరను 20 నుంచి 25 సంవత్సరాల ఆయుర్దాయానికి రూపొందిస్తారు. పాత యంత్రాల పునరుద్ధరణ, జీవితకాల పొడిగింపుపై కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో జాతీయ విధానాన్ని ప్రకటించింది. ఏ రెక్కను మరికొన్నేళ్లు తిరగనివ్వవచ్చు, దేనిని దించివేయాలి అన్న నిర్ణయానికి శాస్త్రీయ ఆధారం అవసరం. ఆ ఆధారాన్ని సమకూర్చడంలో పిహెచ్.డి. స్థాయి పరిశోధనకు ముఖ్య పాత్ర ఉంది.

రెక్క పొడవు రెట్టింపయితే అది చుట్టే వైశాల్యం, తద్వారా గాలి నుంచి లభించే శక్తి నాలుగు రెట్లవుతాయి. అయితే అదే ఆకృతిని యథాతథంగా పెంచితే బరువు ఎనిమిది రెట్లవుతుంది. అందువల్ల గ్లాస్ ఫైబర్, ఎపాక్సీ రెసిన్, తేలికపాటి బాల్సా కలప వంటి పదార్థాలతో బరువు తగ్గిస్తూ బలాన్ని నిలపడం ఈ రంగంలో ప్రధాన సమస్యగా ఉంది. తిరిగే ప్రతి చుట్టులోనూ రెక్క తన బరువుకే ఒకసారి ఇటు, ఒకసారి అటు వంగుతుంది. ఇరవై ఏళ్లలో ఈ ఊపులు పది కోట్ల స్థాయికి చేరుతాయి. ఇంజనీర్లు ‘ఫెటీగ్’ అని వ్యవహరించే ఈ అలసట అతుకుల వద్ద, పొరల మధ్య సన్నని చీలికలుగా మొదలవుతుంది. దీనికి తోడు గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో కదిలే రెక్క కొనను వాన చినుకులు, ధూళి కోతకు గురిచేస్తాయి.

ఈ అలసటను కొలవడానికి చాలా కాలం పడుతుంది. పూర్తి పరిమాణపు రెక్కను రెండు సెకన్లకు ఒక ఊపు చొప్పున పరీక్షిస్తే, అంతరాయం లేకుండా నడిపినా పది లక్షల ఊపులకు 23 రోజులు కావాలి. ప్రయోగశాలలో చిన్న నమూనాను సెకనుకు ఐదు ఊపుల చొప్పున పరీక్షించినా కోటి ఊపులకు అంతే సమయం పడుతుంది. వేగం మరీ పెంచితే నమూనా వేడెక్కి ఫలితం తప్పుతుంది. ఒక పదార్థం ఆయుర్దాయాన్ని నిర్ధారించడానికి వేర్వేరు భారాల వద్ద అనేక నమూనాలు అవసరమవుతాయి.

పరిశోధక విద్యార్థులకు పలు మార్గాల్లో ఆర్థిక సహాయం లభిస్తున్నది. 2023 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ మేరకు జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు రూ. 37,000, సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ రూ. 42,000గా నిర్ణయించారు. 2018-19 బడ్జెట్‌లో ప్రకటించిన ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ కింద తొలి రెండేళ్లు నెలకు రూ. 70,000, మూడో ఏట రూ. 75,000, చివరి రెండేళ్లు రూ. 80,000తో పాటు ఏటా రూ. 2 లక్షల పరిశోధన గ్రాంటును నిర్దేశించారు. రానున్న ఐదేళ్లలో ఐ.ఐ.టి.లు, భారతీయ విజ్ఞాన సంస్థలలో ఇటువంటి ఫెలోషిప్‌లు పది వేలు ఇవ్వనున్నట్లు 2025-26 బడ్జెట్‌లో ప్రకటించడం జరిగింది. 2023 నాటి చట్టం ద్వారా ఏర్పాటైన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ అధ్యాపకుల ప్రాజెక్టులకు గ్రాంట్లు అందిస్తున్నది.

నెలవారీ ఫెలోషిప్ ప్రధానంగా పరిశోధకుని జీవన వ్యయానికి ఉద్దేశించినది. నమూనాల తయారీ, పరీక్షా యంత్రాల వినియోగ సమయం, లోపాలను గుర్తించే పరికరాల వ్యయానికి విడిగా నిధులు ఉండాలి. అవి ఆలస్యమైతే ప్రయోగాలు మూడు, నాలుగో సంవత్సరాలకు వాయిదా పడి, ఫెలోషిప్ గడువు ముగిసే నాటికి ఫలితాలు అసంపూర్ణంగా మిగిలే ప్రమాదం ఉంది.

కావున ఇటువంటి ప్రతిపాదనలను పరిశీలించే అధికారులు మూడు అంశాలను ముందుగానే సరిచూడవలసి ఉంటుంది. పరీక్షల కాలపట్టిక ఫెలోషిప్ కాలంలో ఇమిడి ఉన్నదా? యంత్ర వినియోగానికి సంబంధిత ప్రయోగశాల అంగీకారం తెలిపిందా? సర్వీసు నుంచి తొలగించిన రెక్కల భాగాలను, వాటి నిర్వహణ రికార్డులను పరిశోధనకు ఇవ్వడానికి విద్యుత్ ఉత్పత్తి సంస్థ సమ్మతించిందా? మూడవ అంశంలో మన రాష్ట్రానికి ప్రత్యేక అనుకూలత ఉన్నది. దశాబ్దాల పాటు ఇక్కడి గాలికి, ఎండకు, వానకు తిరిగిన రెక్కలు ఏ ప్రయోగశాలా కృత్రిమంగా సృష్టించలేని సమాచారాన్ని అందించగలవు. వాటిని తుక్కుగా పంపివేయడానికి ముందే పరిశోధన సంస్థలకు అందుబాటులో ఉంచడం ప్రయోజనకరం.