బంతి మనదాకా రానప్పుడు

అమెరికన్ మనస్తత్వవేత్త కిప్లింగ్ విలియమ్స్ ఒకరోజు తన కుక్కతో పార్కులో కూర్చుని ఉండగా ఎవరిదో ఫ్రిస్‌బీ వచ్చి తగిలింది. చూస్తే ఇద్దరు కొత్తవాళ్లు. ఆయన తిరిగి విసిరాడు, వాళ్లు మళ్లీ ఈయనకు వేశారు. కాసేపు ముగ్గురూ ఆడారు. ఉన్నట్టుండి వాళ్లిద్దరే ఆడుకోసాగారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు పక్కన పెడితే ఇంత చిన్నబోవాలా అని ఆయనకే ఆశ్చర్యమేసింది.

అందులోంచి పుట్టిందే 'సైబర్‌బాల్' ప్రయోగం. కంప్యూటర్ తెర మీద ముగ్గురు బంతి విసురుకుంటారు. కాసేపటికి మిగతా ఇద్దరూ మీకు వేయడం మానేస్తారు. ఆ ఇద్దరూ మనుషులు కారు, ప్రోగ్రామ్ మాత్రమేనని ముందే చెప్పినా మనసు నొచ్చుకుంటుందని 2004లో తేలింది. అంతకు ఏడాది ముందు నయోమీ ఐజెన్‌బర్గర్ బృందం ఈ ఆట ఆడుతున్నవాళ్ల మెదళ్లను స్కాన్ చేసింది. దెబ్బ తగిలినప్పటి బాధలో చురుకయ్యే సింగ్యులేట్ అనే భాగం ఇక్కడా చురుకైంది. రెండు నొప్పులూ ఒకటేనా అన్న వాదన ఇంకా తెగలేదు.

మరి ఇలా నొచ్చుకున్నప్పుడు పక్కన కుక్క ఉంటే? జర్మనీ పరిశోధకులు మనుషులకు వెలివేత అనుభవం కలిగిస్తూ, ఆ గదిలో కొందరి దగ్గర కుక్కను ఉంచారు, కొందరి దగ్గర ఉంచలేదు. కుక్క ఉన్నచోట బాధ తగ్గింది. ఒహాయోలోని మయామీ విశ్వవిద్యాలయంలో అలెన్ మెకానెల్ బృందం 2011లో ప్రచురించిన ఫలితం ఇంకా వింత. పెంపుడు జంతువులున్న విద్యార్థుల చేత, తమను ఎవరో దూరం పెట్టిన సందర్భాన్ని రాయించారు. తరవాత కొందరు పెంపుడు జంతువు గురించి, కొందరు ప్రాణస్నేహితుడి గురించి రాశారు. మిగతావాళ్లు క్యాంపస్ మ్యాప్ గీశారు. మ్యాప్ గీసినవాళ్లలో దిగులు పోలేదు. పెంపుడు జంతువును తలుచుకున్నవాళ్లు మాత్రం స్నేహితుణ్ణి తలుచుకున్నవాళ్లంత బాగానే తేరుకున్నారు. జంతువు అక్కడ లేనేలేదు!

కుక్కా యజమానీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరుగుతుందని 2015లో జపాన్ శాస్త్రవేత్తలు చూపారు. మనుషులు పెంచిన తోడేళ్లలో అలా జరగలేదు. కానీ తలుచుకుంటేనే ఊరట కలగడాన్ని ఈ హార్మోన్ ఒక్కటే వివరించలేదు. నా ఊహ వేరు. ర్యాంకెంత, ప్యాకేజీ ఎంత, పెళ్లెప్పుడు అని కుక్క ఆరా తీయదు; ఆ ప్రశ్నలు అక్కర్లేని చోటు ఒకటుందన్న తలపే కొంత పనిచేస్తుంది.

ఇవన్నీ ప్రయోగశాలలోని చిన్న గాయాలు. ఏళ్లనాటి ఒంటరితనానికి కుక్కే మందని వీటిని బట్టి చెప్పలేం. జంతువుల్ని ముద్దు చేసేవాళ్లు మనుషులకు దూరమవుతారన్న మాటకు మాత్రం మెకానెల్ బృందానికి ఆధారం దొరకలేదు: వాటితో చేరువగా ఉన్నవాళ్లు తమవాళ్లతోనూ చేరువగానే ఉన్నారు.