గుంపుగా వస్తే పోకిరీలేనా?

ఆదివారం తెల్లవారుజాము. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు వెళ్లే దారి. ఒకటి కాదు, రెండు కాదు... ఎనిమిది బండ్లు వరుసగా వస్తున్నాయి. నల్ల జాకెట్లు, మొహం కనిపించని హెల్మెట్లు, మోకాళ్లకు కవచాలు. చేపలబుట్టతో ఆటో కోసం నిలబడ్డ ఆవిడ రెండడుగులు వెనక్కి వేస్తుంది. టీ కొట్టు ముందు పేపరు చదువుతున్న పెద్దాయన తలెత్తి చూసి 'వచ్చారయ్యా పోకిరీలు' అనుకుంటాడు.

నిజానికి వాటిలో ఏ బండీ యాభై దాటి పోవడం లేదు. ముందున్నతను ఎడమచెయ్యి కిందికి ఊపగానే వెనకున్న ఏడుగురూ వేగం తగ్గించేశారు. ఎదురుగా గేదెల మంద!

పెద్దాయన్ని తప్పుపట్టలేం. ఇన్నేళ్లలో ఆయన చూసిన బైకుల గుంపులు వేరు. ఎన్నికలొస్తే జెండాలు కట్టుకుని, బండికి ముగ్గురు చొప్పున, హెల్మెట్ ఊసే లేకుండా, హారన్ మీంచి వేలు తీయకుండా తిరిగే ర్యాలీ ఒకటి. అభిమాన హీరో సినిమా విడుదలైతే థియేటరు దాకా సాగే ఊరేగింపు ఇంకొకటి. డిసెంబరు 31 అర్ధరాత్రి సంగతి సరేసరి. ఓటర్లను బెదిరించడానికి కొన్నిచోట్ల బైకులను వాడుతున్నారంటూ పోలింగుకు 72 గంటల ముందు నుంచీ బైకు ర్యాలీలు జరపకూడదని 2021లో సాక్షాత్తూ ఎన్నికల సంఘమే ఆదేశించింది. అలాంటిది సొంత డబ్బుతో పెట్రోలు పోయించుకుని, ఎవరికీ జై కొట్టకుండా, ఊరికే సముద్రం చూసి వెళ్లడానికి ఎనిమిది మంది వస్తారంటే ఊరికి నమ్మకం కుదరకపోవడంలో వింతేముంది!

ఒక్క ఫొటో చేసిన పని

ఈ చెడ్డపేరు మన దగ్గర పుట్టింది కాదు. 1947 జులైలో అమెరికాలోని కాలిఫోర్నియాలో హాలిస్టర్ అనే చిన్న పట్టణానికి బైకు పందేల కోసం వేలమంది వచ్చారు. కొందరు తాగి రోడ్ల మీద గోల చేశారు, అరెస్టులూ జరిగాయి. అంతకుమించి ఊరికి ముంచుకొచ్చిన ఉపద్రవమేమీ లేదు. కానీ 'లైఫ్' పత్రికలో ఓ ఫొటో వచ్చింది. హార్లీ డేవిడ్‌సన్ మీద వాలి కూర్చున్న లావుపాటి మనిషి, చేతుల్లో సీసాలు, చక్రాల దగ్గర ఖాళీ సీసాల గుట్ట. ఆ సీసాలు ఫొటో కోసం పోగుచేసి పేర్చినవేనని ప్రత్యక్షసాక్షి ఒకరు ఆ తర్వాత ఎన్నడో చెప్పారు. అప్పటికే ఆలస్యమైపోయింది. 1953లో మార్లన్ బ్రాండో 'ది వైల్డ్ వన్' సినిమాలో తోలు జాకెట్ వేసుకుని బైకెక్కేసరికి బైకరంటే ఇలాగే ఉంటాడని ప్రపంచమంతా ఖాయం చేసేసుకుంది. ఆ మచ్చ చెరిపి అమెరికాలో తన చిన్న బండ్లు అమ్ముకోవడానికి జపాన్‌కు చెందిన హోండా 1960ల్లో ప్రత్యేకంగా ప్రకటనల దండయాత్రే చేయాల్సి వచ్చింది. వాటిలో బండి నడిపింది గృహిణులూ విద్యార్థులే!

మన దగ్గర కథ ఇంకోలా మొదలైంది. మద్రాసులో 1955లో బుల్లెట్ తయారీ మొదలుపెట్టారు. సైన్యం, పోలీసులు వాడిన బండి అది. ఊళ్లో దాని చప్పుడు వినిపిస్తే ఎస్సైగారో పెద్దరైతో వస్తున్నారని పక్కకు తప్పుకునేవారు. అందులో భయం ఉన్నా మర్యాదే ఎక్కువ. 1985లో యమహా ఆర్ఎక్స్ 100 వచ్చింది. 2001లో పల్సర్, 2003లో కరిజ్మా. వేగం కాలేజీ కుర్రాళ్ల చేతికొచ్చింది. దాంతోపాటే 'పోకిరీ' అన్న మాటా వచ్చి చేరింది.

పందెం సరదా తప్పేమీ కాదు. దానికీ ఓ చోటుంది. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే దారిలోనే షోలవరంలో పాత విమానాల రన్‌వే మీద ఒకప్పుడు పేరుమోసిన పందేలు జరిగేవి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకంగా ట్రాకే కట్టారు. ఎదురుగా ఆర్టీసీ బస్సు, పక్కన సైకిలు మీద పాలమనిషి ఉండని చోటు అది. పందెం అక్కడ వేసుకోవాలి.

చివరివాడే అసలు నాయకుడు

గుంపు ప్రయాణం పందేనికి పూర్తిగా తిరగబడిన వ్యవహారం. ఇక్కడ ఎవరూ ఎవర్నీ దాటకూడదు. దారి తెలిసినతను ముందుంటాడు, అతను 'లీడ్'. కొత్తగా చేరినవాళ్లను సరిగ్గా అతని వెనకే పెడతారు. అంటే గుంపు వేగాన్ని నిర్ణయించేది అందరికన్నా నిదానంగా నడిపేవాడన్నమాట. అనుభవం బాగా ఉన్నతను అందరికంటే చివర. అతణ్ని 'స్వీప్' అంటారు. పంక్చర్ సామాను, ప్రథమచికిత్స పెట్టె సాధారణంగా అతని దగ్గరే ఉంటాయి. ఎవరి బండి ఆగినా అతనూ ఆగుతాడు. వెనక్కాల అద్దంలో స్వీప్ లైటు కనిపించకపోతే లీడ్ పక్కకు తీసి నిలబడాలి.

వరుస కూడా తిన్నగా ఉండదు. ఒకరు లేన్‌లో కుడివైపుంటే తర్వాతివారు కొంచెం వెనగ్గా ఎడమవైపు. సరిగ్గా ఎదురుగా ఉన్న బండికీ మన బండికీ మధ్య కనీసం రెండు సెకన్ల దూరం. మలుపు వస్తే మాత్రం అందరూ ఒకే వరుసలోకి. గుంతను చూసినవాడు ఆ వైపు కాలు చాపి చూపిస్తాడు, అది చివరిదాకా ఒకరి నుంచి ఒకరికి అందుతుంది. ట్యాంకు మీద తట్టాడంటే పెట్రోలు అయిపోవస్తోందని. మంది ఎక్కువైతే చిన్నచిన్న జట్లుగా విడిపోతారు. లేకపోతే వెనకొచ్చే బస్సు వీళ్లను దాటలేదు. ఇంత పద్ధతి పెళ్లి బృందం కార్లలో కూడా కనిపించదు!

హెల్మెట్ తీసేదాకా లోపలున్నది అబ్బాయో అమ్మాయో కూడా తెలియదు. మహిళా బైకర్ల కోసం 2011లో పుణెలో 'బైకర్ని' సంఘం మొదలైంది. హైదరాబాద్‌కు చెందిన జై భారతి 2018లో మరో ముగ్గురు మహిళలతో కలిసి బైకుల మీద మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా మీదుగా వియత్నాం వెళ్లొచ్చారు. దాదాపు 17 వేల కిలోమీటర్లు! ఆ నలుగురిలో ఒకరు తెలంగాణ పోలీసు శాఖలో షీ టీమ్స్ కానిస్టేబుల్.

భయానికి కారణాలున్నాయి

అలాగని ఊరి భయమంతా అపోహే అనడానికి లేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 74,897 మంది ద్విచక్రవాహనాల మీద ఉన్నవాళ్లే. హెల్మెట్ లేకుండా పోయిన ప్రాణాలు 50,029. పిల్లాడు బండి కొనమని అడిగినప్పుడు అమ్మ గుండె ఆగినంత పనవడం ఊరికే కాదు.

2021 సెప్టెంబరు 10 రాత్రి హైదరాబాద్ దుర్గం చెరువు తీగల వంతెన దగ్గర నటుడు సాయిధరమ్ తేజ్ బైకు జారి పడిపోయినప్పుడు రేసింగ్ అంటూ ఊహాగానాలు గంటల్లో పాకిపోయాయి. రోడ్డు మీద ఇసుక ఉందన్న సంగతి, తలకు హెల్మెట్ ఉండబట్టే పెద్ద గండం తప్పిందన్న సంగతి ఆ తర్వాతగానీ జనానికి ఎక్కలేదు. మైపాడు, కోడూరు వెళ్లేవాళ్లు మరిచిపోకూడని మాట కూడా ఆ ఇసుకే. సముద్రం దగ్గరపడే కొద్దీ గాలి దాన్ని రోడ్డు మీదికి తెచ్చిపోస్తుంది.

ఇక చప్పుడు. ఎనిమిది బండ్లలో ఒక్కటి సైలెన్సర్ మార్చుకుని వచ్చినా చాలు, ఆ పేరు ఎనిమిదింటికీ వస్తుంది. చప్పుడుంటే ఎదుటివాళ్లు జాగ్రత్తపడతారని కొందరి వాదన. పస లేని మాట. సైలెన్సర్ మోత ప్రధానంగా వెనక్కి పోతుంది, ఎదురొచ్చే లారీ ఉండేది ముందు! 2019లో సవరించిన మోటారు వాహన చట్టం ప్రకారం బండికి ఇలాంటి మార్పులు చేస్తే ఒక్కో మార్పుకూ అయిదువేల జరిమానా లేదా ఆరునెలల దాకా జైలు. రోడ్డు మీద పందెం వేస్తే మొదటిసారి అయిదువేలు, మూడునెలల దాకా జైలు. మైనర్ చేతికి బండిచ్చి వాడు నేరం చేస్తే పాతికవేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు... పిల్లాడికి కాదు, ఇచ్చిన పెద్దవాళ్లకు.

పేరు నిలిచేది పల్లెదారిలోనే

జాతీయ రహదారి మీద బైకర్లను పట్టించుకునేవాళ్లు లేరు. వాళ్ల పేరు నిలిచినా పోయినా రహదారి దిగాకే. కోతలయ్యాక నెల్లూరు పల్లెల్లో వడ్లు ఆరేది రోడ్డు మీదే. వాటి మీదికి టైరు ఎక్కితే బండి జారుతుంది, గింజా చితుకుతుంది. ఇద్దరికీ నష్టమే. సగం రోడ్డు వడ్లదైతే మిగతా సగంలో ఒక్కో బండే, అదీ నడకవేగంతో పోవాలి. బకింగ్‌హామ్ కాలువ దాటాక వచ్చే పట్టపుపాలేల్లో రాత్రంతా వేటాడి వచ్చిన మనుషులు పొద్దుటి పూట పడుకుని ఉంటారు. అక్కడ ఎక్సలేటర్ తిప్పి ఫొటోలకు పోజులిచ్చినవాళ్లను ఊరు ఎందుకు క్షమించాలి?

కొంచెం దక్షిణానికి పోతే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారికి రెండువైపులా పులికాట్ సరస్సు. 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లినా నెల్లూరు కుర్రాళ్లకు అదిప్పటికీ సొంత దారే. చలికాలంలో అక్కడ రాజహంసలు దిగుతాయి. ఒక్క హారన్ మోతకు గుంపు గుంపంతా లేచిపోతుంది. చూడ్డానికి వచ్చిందే వాటిని!

మైపాడు తీరానిదీ ఇంచుమించు అదే అవసరం. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఒడ్డుకు వచ్చి, అడుగున్నర లోతు గుంట తవ్వి ఒక్కోటి వంద దాకా గుడ్లు పెట్టి వెళ్తాయి. అవి పిల్లలవడానికి నెలన్నర నుంచి రెండు నెలలు. ఇసుకలో బండి నడిపిన వీడియో బాగానే ఉంటుంది కానీ, బరువుకు అడుగునున్న గుడ్లు నలుగుతాయి. రెండంగుళాలు కూడా లేని తాబేలుపిల్లకు టైరు చేసిన గాడి ఓ కందకం, అందులో పడితే సముద్రం చేరడం కష్టం. అందుకే జనవరి నుంచి వేసవి దాకా బండికి స్టాండు వేయాల్సింది సరుగుడు తోటల దగ్గరే. అక్కణ్నుంచి నీళ్లదాకా నడక.