కోస్తే బతుకుతుంది, కోయకపోతే చస్తుంది

రాయలసీమ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది: “మేతకు వెళ్లిన మా ఎద్దు సాయంత్రానికి కూలిపోయింది. ముక్కులోంచి నల్లటి రక్తం కారింది, ఎంతసేపటికీ గడ్డ కట్టలేదు. పశువుల డాక్టరు చెవి నుంచి చుక్క రక్తం తీసుకుని, దొమ్మలా ఉంది, ఎవరూ కోయవద్దు, లోతుగా పూడ్చండి అన్నాడు. చచ్చిన ఎద్దును కోస్తే ఏమిటి, కోయకపోతే ఏమిటి? దానిలో క్రిమి ఎలాగూ ఉంది కదా? గుంతలో సున్నం కూడా పోశాం. సరిపోతుందా?”

ఇంత చక్కని ప్రశ్న నాకు ఈ మధ్య రాలేదు. ఇందులో మొదటి సగానికి జవాబు తెలుసుకుంటే దొమ్మ రోగం మొత్తం అర్థమైనట్టే. రెండో సగం దగ్గర మాత్రం నిపుణులకే చిక్కుముడి పడింది.

ముందు అవసరమైన నాలుగు ముక్కలు. దొమ్మనే ఆంత్రాక్స్ అంటారు. బాసిల్లస్ ఆంత్రాసిస్ అనే బాక్టీరియా దీనికి కారణం. ఆవు, గేదె, గొర్రె, మేక గడ్డి కొరికేటప్పుడు మట్టిలోని క్రిమిని మింగుతాయి. అడవిలో జీబ్రాలకు, ఏనుగులకు, నీటిగుర్రాలకు, దున్నలకు కూడా ఇదే గతి. మనిషికి ఎక్కువగా చర్మం మీది గాట్ల ద్వారా, అంటే చచ్చిన పశువును కోసేటప్పుడు, తోలు ఒలిచేటప్పుడు అంటుతుంది. పుండు నొప్పి పెట్టదు, మధ్యలో నల్లటి పెచ్చు కడుతుంది. ఆ మాంసం తింటే పేగులకు, క్రిమిని పీలిస్తే ఊపిరితిత్తులకు పాకుతుంది. ఊపిరితిత్తులకు వచ్చేది అన్నిటికన్నా ప్రాణాంతకం. మామూలుగా మనిషి నుంచి మనిషికి అంటదు. తొందరగా గుర్తిస్తే పెనిసిలిన్, డాక్సీసైక్లిన్ వంటి మందులకు లొంగుతుంది. ఆంత్రాక్స్ అనగానే చాలామందికి 2001లో అమెరికాలో ఉత్తరాల్లో వచ్చిన పొడి గుర్తొస్తుంది. అప్పుడు జబ్బు పడినవారు 22 మంది, చనిపోయినవారు ఐదుగురు. కానీ ఈ రోగం అసలు చిరునామా పచ్చిక బయలు.

ఇక అసలు సంగతి. ఈ క్రిమికి రెండు రూపాలున్నాయి. పశువు ఒంట్లో కడ్డీ ఆకారంలో ఉండి, తిని, విభజన చెంది పెరుగుతుంది. బయట సిద్ధబీజంగా మారి ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉంటుంది. ఒక రూపం నుంచి మరో రూపానికి ఎప్పుడు మారాలో దానికి ఎలా తెలుస్తుందన్నదే నన్ను కట్టిపడేసే విషయం.

ఒంట్లోకి చేరిన సిద్ధబీజం అక్కడి అమైనో ఆమ్లాలను పసిగట్టి నిమిషాల్లో మేలుకుంటుంది. చుట్టూ 37 డిగ్రీల వెచ్చదనం, రక్తంలోని బైకార్బొనేటు ఉంటే చాలు, తాను జంతువు లోపల ఉన్నానని గ్రహిస్తుంది. వెంటనే ఆట్ఎక్స్ఏ అనే జన్యువు మిగతా జన్యువులను నిద్ర లేపుతుంది. విషానికి కావలసిన మూడు ప్రోటీన్లు తయారవుతాయి. తెల్ల రక్తకణాలు మింగకుండా కడ్డీ చుట్టూ జిగురు తొడుగు ఏర్పడుతుంది. పశువు చనిపోయే సమయానికి ఒక్క మిల్లీలీటరు రక్తంలో 10 కోట్ల క్రిముల దాకా ఉండవచ్చు. డాక్టరు చెవి నుంచి చుక్క రక్తం తీసింది అందుకే. గాజు పలక మీద ఆ రక్తాన్ని పలచగా పూసి, పాత మిథిలీన్ బ్లూ రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, చివరలు కత్తిరించినట్టున్న నీలి కడ్డీలు గొలుసులుగా కనిపిస్తాయి. వాటి చుట్టూ గులాబీ రంగు పొర ఉంటుంది. జాన్ మెక్‌ఫాడియన్ 1903లో చెప్పిన ఈ పరీక్ష ఇప్పటికీ పల్లె ఆసుపత్రిలో పనికొస్తుంది. పొట్ట కోయకుండానే రోగం తేలిపోతుంది.

ఇప్పుడు ఎద్దు చనిపోయింది, గుండె ఆగింది, రక్తంలో ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా ఖర్చయిపోయింది. పేగుల్లో ఉండే, గాలి అక్కర్లేని బాక్టీరియా కళేబరమంతా విస్తరించి కుళ్లబెట్టడం మొదలుపెడతాయి. వాటి ముందు దొమ్మ క్రిమి నిలవలేదు. సిద్ధబీజంగా మారి తప్పించుకుందామంటే దానికి ఆక్సిజన్ కావాలి. మూసి ఉన్న కళేబరంలో అది లేదు. కోట్లాది కడ్డీలు ఆ వేడికీ కుళ్లుకీ కొద్ది రోజుల్లోనే నశిస్తాయి. ఎద్దును చంపిన క్రిమి ఎద్దు లోపలే చస్తుంది.

కత్తి పడిందంటే కథ మారిపోతుంది. రక్తం నేల మీద పడుతుంది, గాలి తగులుతుంది, ఆహారం తరిగిపోతుంది. అప్పుడు కడ్డీ లోపల అద్భుతమైన పని మొదలవుతుంది. మామూలు విభజనలో మధ్యలో లేచే గోడ ఈసారి ఒక కొసకు లేస్తుంది. ఒక చిన్న గది, ఒక పెద్ద గది ఏర్పడతాయి. రెండింటిలోనూ డీఎన్ఏ ఒక్కో ప్రతి ఉంటుంది. పెద్ద గది చిన్నదాన్ని మింగుతుంది. ఇప్పుడు కణం లోపల కణం. చిన్నదాని చుట్టూ ఒక మందపాటి పొర, దాని మీద ప్రోటీన్ల పొరలు, అన్నిటికీ పైన వదులైన తొడుగు వరసగా ఏర్పడతాయి. లోపలికి కాల్షియం, డైపికోలినిక్ ఆమ్లం జతగా చేరతాయి. నీళ్లు బయటికి పోతాయి. చిన్న చిన్న ప్రోటీన్లు డీఎన్ఏకు అంటుకుని దాన్ని కాపాడతాయి. చివరికి పెద్ద గది పగిలిపోయి సిద్ధబీజం మట్టిలో పడుతుంది. ఎండబెట్టిన వడియం ఏడాదంతా నిలిచినట్టు, నీరు తీసేసిన ఈ కణం దశాబ్దాలు నిలుస్తుంది. స్కాట్లండ్ దగ్గరి గ్రునార్డ్ దీవిలో 1942లో బ్రిటన్ దీన్ని గొర్రెల మీద ప్రయోగించింది. 1986లో ఫార్మాల్డిహైడ్ కలిపిన సముద్రపు నీటితో నేలంతా తడిపి, 1990లో గానీ దీవిని సురక్షితమని ప్రకటించలేదు.

ఈ మార్పును మొదట కళ్లారా చూసినవాడు రాబర్ట్ కాక్. నేటి పోలండ్‌లోని వోల్‌స్టైన్‌లో ఊరి డాక్టరుగా ఉంటూ, ఎద్దు కంటి నీటి చుక్కలో ఆ కడ్డీలను పెంచాడు. అవి పొడవాటి పోగులుగా సాగడం, పోగుల్లో మెరిసే గింజలు ఏర్పడడం, గింజల నుంచి మళ్లీ కడ్డీలు రావడం చూసి 1876లో ప్రకటించాడు. అప్పటిదాకా కడ్డీలు ఒక్క రాత్రిలో మాయమైన పొలంలో మరుసటి ఏడాది రోగం ఎలా వస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ గింజను లెక్కలోకి తీసుకోక బోల్తాపడినవారిలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బేర్ ఒకడు. దొమ్మ రక్తాన్ని అధిక పీడనంలో ఆక్సిజన్‌కు గురిచేసి, అందులో బతికినదేదీ మిగలదనుకున్నాడు. ఆ రక్తం ఎక్కించినా జంతువులు చనిపోయాయి. కాబట్టి రోగానికి కారణం క్రిమి కాదు, ఏదో విషం అని తేల్చాడు. ఆ ఆక్సిజన్‌కు కడ్డీలు చస్తాయి గానీ సిద్ధబీజాలు చావవు. మరో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ వాదన విన్నాక 1877లో బేర్ తన తప్పు ఒప్పుకున్నాడు. ఇక పాశ్చర్ 1880లో, పాతిపెట్టిన కళేబరాల నుంచి వానపాములే క్రిమిని పైకి మోసుకొస్తాయన్నాడు. కాక్ దాన్ని కొట్టిపారేశాడు. వానపాము మట్టిలో సిద్ధబీజాలు దొరికిన మాట నిజమే, కానీ రోగం మొత్తాన్ని వానపాము నెత్తిన వేయడం అతి.

20వ శతాబ్దంలో వాన్ నెస్ అనే అమెరికన్ పశువైద్యుడు మరో అడుగు ముందుకేశాడు. సున్నం ఎక్కువున్న నేలల్లో సిద్ధబీజం మేలుకొని మట్టిలోనే పెరుగుతుందని 1971లో రాశాడు. సున్నపు నేలల్లో దొమ్మ తరచుగా రావడం నిజం. మట్టిలో పెరుగుతుందన్న మాటను మాత్రం కెనడాలో అడవి బైసన్‌ల దొమ్మను పరిశీలించిన డ్రాగన్, రెన్నీ 1995లో గట్టిగా ఖండించారు. వారి వాదన ప్రకారం కాల్షియం క్రిమిని పెంచదు. సిద్ధబీజం లోపలి కాల్షియం బయటికి జారిపోకుండా చూసి, దాని ఆయువు పెంచుతుంది.

పాఠకుడు అడిగిన సున్నం సంగతి ఇక్కడికే వస్తుంది. గుంతలో సున్నం పోయడం మన దగ్గర ఆనవాయితీ. చాలా సూచనల్లో ఇప్పటికీ అదే రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు మాత్రం సున్నం వద్దంటున్నాయి. సిద్ధబీజాన్ని చంపాలని పోసే కాల్షియమే దానికి ఆసరా కావచ్చు. వీలైతే పూర్తిగా కాల్చడం మేలు. కాల్చలేకపోతే ఆరడుగులకు తగ్గకుండా పూడ్చాలి.

కోయకపోయినా ముక్కు, నోరు, మలద్వారం నుంచి రక్తం కారుతుంది కదా అని అడగవచ్చు. నిజమే. నమీబియాలోని ఎటోషా అడవిలో రాబందులు, నక్కలు ముట్టకుండా కొన్ని కళేబరాలకు కంచె వేసి చూశారు. మట్టిలో సిద్ధబీజాలు పెద్దగా తగ్గలేదు. కారిన రక్తమే చాలింది. అందుకే ఆ రంధ్రాల్లో ఫార్మలిన్‌లో ముంచిన దూది కుక్కమంటారు. ఆ ఎటోషాలోనే మరో విషయం తేలింది. కళేబరం కుళ్లిన చోట నత్రజని, భాస్వరం చేరి, తరువాతి వానలకు గడ్డి ఏపుగా పెరుగుతుంది. జీబ్రాలు పచ్చదనం చూసి అక్కడికే వస్తాయి. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ అడవిలో దారి వేరు. కళేబరం మీద వాలిన ఈగలు పక్కనున్న పొదల ఆకుల మీద కక్కుతాయి. ఆకులు మేసే కూడూ జింకలు ఆ ఎత్తులోనే రోగాన్ని తింటాయి. నేల ముట్టకుండానే చనిపోతాయి.

టీకా గురించి ఒక మాట. 1930లలో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ జిగురు తొడుగు కోల్పోయిన క్రిమిని పట్టుకున్నాడు. దాని సిద్ధబీజాలే నేటికీ పశువుల టీకా. మనల్ని వేధించే గింజే మనకు రక్ష అయింది. అది బతికున్న టీకా కాబట్టి, వేసిన రోజుల్లో యాంటీబయాటిక్ ఇస్తే టీకా చస్తుంది. ఏటా వేయించాలి. రష్యాలోని యమాల్ ప్రాంతంలో 2007లో టీకాలు ఆపేశారు. 2016 వేసవి వేడికి అక్కడ దొమ్మ లేచి 2,000కు పైగా రెయిన్‌డీర్లు, 12 ఏళ్ల బాలుడు చనిపోయారు.

మన విశాఖ మన్యంలో చచ్చిన పశువు మాంసం పంచుకుని దొమ్మ పుండ్లతో ఆసుపత్రికి వెళ్లినవారి వార్తలు పదేపదే చదివాం. వారిని అజ్ఞానులనడం అన్యాయం. ఏడాదికి ఒకటో రెండో సార్లు మాంసం దొరికే ఇంట్లో, ఎద్దు పోయిన నష్టంలో, మాంసాన్నీ తోలునూ మట్టిలో కలపమనడం చిన్న మాట కాదు. 2009 నాటి పశు అంటువ్యాధుల చట్టం ప్రకారం దొమ్మను దాచకుండా తెలియజేయడం యజమాని బాధ్యత. చెప్పినవాడి చేతికి ఎద్దు ఖరీదు వెంటనే అందితేనే ఆ బాధ్యత నెరవేరుతుంది. ఎన్ని కరపత్రాలు పంచినా దీనికి సాటి రావు.

పాఠకులకు నా విన్నపం ఒక్కటే. హఠాత్తుగా చచ్చిన పశువు ముక్కులోంచి గడ్డ కట్టని రక్తం కారుతుంటే కత్తి తీయకండి, తోలు ఒలవకండి, తినకండి. పశువుల డాక్టరును పిలవండి. మిగతా మందకు టీకా వేయించండి.